అరవై దాటాక ఆడొచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల మోకాళ్ల నొప్పుల మీద రాస్తూ చివర్లో కోలాటం గురించి ఒక్క లైను వేశాను. ఆ ఒక్క లైనుకి వచ్చినన్ని మెసేజ్‌లు మిగతా పేజీ మొత్తానికీ రాలేదు. అందుకే ఈసారి పేజీ అంతా పెద్దవాళ్ల ఆటలకే, డాన్సులకే. నేను ఫిజియోథెరపిస్టుని, కాబట్టి కీళ్లు, కండరాలు, పడిపోవడాలు నా పని. మందులు పెంచడం, తగ్గించడం మీ డాక్టరుగారి పని. చాలామంది పేరు వేయొద్దన్నారు, అందుకని ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. మా గుళ్లో ఆడవాళ్లమంతా కలిసి కోలాటం నేర్చుకుంటున్నాం. బాగా వస్తే బ్రహ్మోత్సవాలకి తిరుమల తీసుకెళ్తానని గురువుగారు అన్నారు. నాకేమో రెండు మోకాళ్లూ అరిగాయని ఎక్స్‌రే చూసి చెప్పారు. మా అబ్బాయి "ఈ వయసులో గంతులేంటమ్మా, ఉన్న మోకాళ్లు కూడా పోతాయి" అంటున్నాడు. మానేయమంటారా? (తెనాలి దగ్గర పల్లె)

జవాబు: మానొద్దమ్మా. మీ అబ్బాయికి మీ మీద ప్రేమే, కాదనను, కానీ మోకాలు బండి టైరు కాదు తిరిగినకొద్దీ అరిగిపోవడానికి. కదలకుండా కూర్చుంటే తొడ ముందు వైపు కండ సన్నబడిపోతుంది, ఆ కండ మోయాల్సిన బరువు కూడా కీలు మీదే పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది, నొప్పి పెరిగిందని ఇంకా కూర్చుంటారు. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది ఈ సుడిలో పడి వచ్చినవాళ్లే. అరుగుదల ఉన్న మోకాళ్లకి కూడా వ్యాయామమే మొదటి మందు అని ఇప్పుడు డాక్టర్లందరూ చెప్తున్నారు.

అయితే కోలాటంలో అన్ని కోపులూ (అడుగుల వరసలు) మీకు పనికిరావు. మూడు రకాలు వదిలేయండి: గొంతుకూర్చుని లేచేవి, ఎగిరి రెండు కాళ్ల మీదా దిగేవి, ఒంటికాలి మీద నిలబడి గిర్రున తిరిగేవి. ఈ మూడోదాని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆడేటప్పుడు అది ఎవరికీ ప్రమాదంగా అనిపించదు. పక్కవాళ్ల కోలకి కొట్టి వెనక్కి తిరగాలి కదా, అప్పుడు చాలామంది పాదం నేలకి అంటించే ఉంచి నడుము పైభాగాన్ని తిప్పేస్తారు. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, ఆ మెలికంతా మోకాలే భరించాలి. దానికి బదులు మూడు నాలుగు చిన్న అడుగులు వేస్తూ తిరగండి. తాళం తప్పుతుందేమో అనిపిస్తుంది మొదట్లో, తప్పదు, ఆ చిన్న అడుగులు కూడా తాళంలోనే పడేలా మీ గురువుగారే చూపిస్తారు, అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, మీకు కావాల్సిందే ఆ వరసలో ఇంకో నలుగురికీ కావాలి, వాళ్లు నోరు విప్పరు అంతే.

ఇంకోటి వేగం. కోలాటం నెమ్మదిగా మొదలై కాలం పెరుగుతూ పెరుగుతూ పోతుంది, మొదటి భాగం ఒంటికి మంచి వార్మప్. చిక్కంతా చివర్లో. పాట పతాక స్థాయికి వెళ్లి ఠక్కున ఆగిపోతుంది, అందరూ జై కొట్టి అక్కడే చతికిలబడి కూర్చుంటారు. అలా కూర్చోకండి. ఆట ఆగాక ఒక ఐదు నిమిషాలు గుడి చుట్టూ మెల్లగా నడవండి, ప్రదక్షిణం చేసినట్టూ ఉంటుంది, గుండె వేగం తగ్గినట్టూ ఉంటుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లయితే ఇది మరీ ముఖ్యం, ఉన్నట్టుండి ఆగితే కళ్లు తిరగొచ్చు.

ఎంత ఆడాలో మీ మోకాలే చెప్తుంది. ఆడేటప్పుడు కాస్త నొప్పి ఉంటే భయం లేదు. మర్నాడు పొద్దున లేచేసరికి మామూలు స్థితికి వచ్చేయాలి. మర్నాడు కూడా నిన్నటికంటే ఎక్కువ నొప్పిగా ఉంటే డోసు ఎక్కువైందన్నమాట, తర్వాతిసారి సమయం సగానికి తగ్గించండి. మోకాలు వాచి వేడిగా ఉన్నా, నడుస్తుంటే పట్టేసినట్టు ఆగిపోతున్నా, ఉన్నట్టుండి కాలు జారిపోతున్నట్టు అనిపించినా ఆట ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. ఆడని రోజుల్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, మెల్లగా. కుర్చీ గోడకి ఆనించి ఉండాలి. ఈ ఒక్కటి మానకుండా చేస్తే కోలాటంలో తేడా మీకే తెలుస్తుంది.

తిరుమల సంగతి. అక్కడ కష్టం ఆటలో కాదు, ఎదురుచూడ్డంలో. వాహనసేవ ముందు మాడవీధుల్లో ఆడే అవకాశం వచ్చిందంటే వంతు వచ్చేదాకా చెప్పుల్లేకుండా నిలబడాలి, మళ్లీ ఆడుతూ నడవాలి. బాత్రూముకి వెళ్లాల్సొస్తుందని మన ఆడవాళ్లు పొద్దుటినుంచీ నీళ్లు మానేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ఒంట్లో నీరు తగ్గితే పడిపోయేది అక్కడే. బాత్రూము ఎక్కడుందో ముందే చూసిపెట్టుకుని, నీళ్లు మామూలుగా తాగండి. నిలబడాల్సి వచ్చినంతసేపూ మడమలు ఎత్తి దించుతూ ఉండండి. మీ అబ్బాయిని కూడా వెంట తీసుకెళ్లండి, ఒక్కసారి చూస్తే మళ్లీ గంతులు అనడు.

ప్రశ్న: వరంగల్‌లో ఉంటాను, రిటైర్డ్ టీచర్ని, 70 ఏళ్లు. రోజూ గంటసేపు వాకింగ్ చేస్తాను. ఇంక డాన్స్ ఎందుకు? అయినా మగవాళ్లు ఈ వయసులో ఆడితే నవ్వరూ?

జవాబు: మాస్టారూ, రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. మీ వైపు చిరుతల రామాయణం ఆడింది ఎవరండీ? చేతిలో చిరుతలు (చెక్క తాళాలు) పట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టి, రాత్రుళ్లు గుండ్రంగా తిరుగుతూ పాడింది ఊళ్లో మగవాళ్లే కదా. రాయలసీమలో చెక్కభజన కూడా ప్రధానంగా మగవాళ్లదే. మగవాడికి ఆట నామోషీ అన్నది మన తాతలకి తెలీని సంగతి, మధ్యలో ప్యాంట్లూ ఆఫీసులూ వచ్చాక పట్టుకున్న జబ్బు. పెళ్లి బరాత్‌లో తీన్‌మార్ మోగితే ఎవరూ నవ్వరు గానీ పార్కులో పాట పెట్టుకుని నాలుగడుగులు వేస్తే నవ్వుతారని భయం. నవ్వితే ఓ వారం నవ్వుతారు, తర్వాత అలవాటైపోతుంది. అందులో ఒకరిద్దరు వచ్చి చేరతారు కూడా.

ఇక వాకింగ్. మానమని చెప్పను, గుండెకీ ఊపిరికీ చాలా మంచిది. కానీ వాకింగ్‌లో ఒంటికి ఒకే దిక్కు తెలుసు, ముందుకి. పెద్దవయసులో మనిషి నేరుగా నడుస్తూ పడేది ఒకెత్తయితే, ఎవరో పిలిస్తే వెనక్కి తిరుగుతూ, గుమ్మం దగ్గర పక్కకి జరుగుతూ, బాత్రూములో మగ్గు కోసం వంగి లేస్తూ పడేది ఇంకో ఎత్తు. పక్కకి అడుగు, వెనక్కి అడుగు, బరువు పక్కలకి ఒక కాలి మీదినుంచి ఇంకో కాలికి మార్చడం, ఇవన్నీ వాకింగ్‌లో లేవు, ఆటలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 65 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతోపాటు, వారంలో 3 రోజులు బ్యాలెన్స్‌కి పనికొచ్చేవి, 2 రోజులు కండబలానికి పనికొచ్చేవి చేయాలని ఉంది. వాకింగ్‌తో మొదటిది అయిపోతోంది, మిగతా రెండూ బాకీ. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో పెద్దవాళ్లని రెండు గుంపులు చేసి, ఏడాదిన్నరపాటు ఒక గుంపుతో డాన్స్, ఇంకో గుంపుతో మామూలు వ్యాయామాలు చేయించారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. జ్ఞాపకశక్తికి సంబంధించిన మెదడు భాగం రెండు గుంపుల్లోనూ పెరిగింది, బ్యాలెన్స్ మాత్రం డాన్స్ చేసినవాళ్లలోనే మెరుగైంది. చేసింది కొద్దిమంది మీదే, అయినా అందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది: వాళ్లు ఎప్పుడూ ఒకే డాన్స్ వేయించలేదు, అడుగుల వరసలు మారుస్తూ పోయారు. వచ్చేసిన అడుగునే ఏళ్లతరబడి వేస్తుంటే మెదడుకి పని ఉండదు.

మీకు ఒంటరిగా మొదలుపెట్టడం ఇబ్బందైతే మీ వాకింగ్ బ్యాచ్‌లోనే పాత చిరుతల భాగవతులు ఎవరో ఒకరు దొరుకుతారు, మీ ఊళ్లో దొరక్కపోవడం ఉండదు. వాళ్లని నేర్పమనండి. ఇన్నాళ్లూ పిల్లలకి నేర్పినవారు, ఇప్పుడు నేర్చుకునే బెంచీ మీద కూర్చోవడం సరదాగానే ఉంటుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పొద్దున ఆరింటికి జుంబా (పాటలకి డాన్స్ అడుగులతో చేసే వ్యాయామం). నాకు 66, పన్నెండేళ్లుగా షుగర్, ఇన్సులిన్ తీసుకుంటాను. పరగడుపున వెళ్లొచ్చా? ట్రైనర్ పల్స్ చూసుకోమంటోంది, నాదేమో ఎంత ఆడినా పెరగట్లేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇన్సులిన్ మీద ఉండి పరగడుపున వద్దండీ. వెళ్లేముందు షుగర్ చూసుకోండి. 100 కంటే తక్కువుంటే ఒక అరటిపండో రెండు బిస్కెట్లో తిని, కాసేపాగి మొదలుపెట్టండి. 250 దాటి ఒంట్లో కూడా బాగోకపోతే ఆ రోజు మానేయండి. ఆడుతుంటే వణుకు, చల్లటి చెమట, మాట తడబడటం, విపరీతమైన ఆకలి, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆగి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. సంచిలో పంచదార పొట్లం ఉండాల్సిందే. మీకు షుగరుందని ట్రైనర్‌కీ, పక్కనున్న ఒకరికైనా తెలిసుండాలి, దాచుకునే విషయం కాదిది. ఆడిన రోజు రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు, అందుకని రోజూ వెళ్లడం మొదలుపెట్టేముందు ఇన్సులిన్ డోసు గురించి డాక్టరుగారితో మాట్లాడండి.

మీరు బీపీ మాత్ర కూడా వేసుకుంటుంటే, పల్స్ పెరగకపోవడానికి అది కారణం కావచ్చు. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వేసుకునేవాళ్లలో గుండె వేగం పెద్దగా పెరగదు, అది ఆ మందు చేసే పనే. చేతి గడియారంలో అంకెలు వదిలేయండి. ఆడుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ సరైన వేగం. పాడగలుగుతున్నారంటే ఇంకాస్త పెంచొచ్చు, మాట కూడా రావట్లేదంటే తగ్గించాలి.

పన్నెండేళ్ల షుగర్ అంటే అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు. బూట్లు, సాక్సు లేకుండా ఆడొద్దు. ఇంటికొచ్చాక పాదాలు అద్దం పెట్టి అయినా చూసుకోండి, బొబ్బ లేచినా మీకు తెలియకపోవచ్చు. జుంబాలోనే పెద్దవాళ్ల కోసం జుంబా గోల్డ్ అని వేరే తరగతి ఉంది, ఎగరడాలు తక్కువ, వేగం తక్కువ. మీ ట్రైనర్‌కి అది వచ్చేమో అడగండి. పాతికేళ్ల పిల్లల బ్యాచ్‌లో చివరి వరసలో నిలబడి ఆయాసపడటం కన్నా అది మేలు.

ప్రశ్న: డాన్స్ చేస్తే మతిమరుపు జబ్బు 76 శాతం తగ్గుతుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? మా నాన్నగారికి పార్కిన్సన్స్ కూడా ఉంది, ఆయనతో చేయించొచ్చా? (రాజమండ్రి)

జవాబు: ఆ అంకె గాల్లోంచి పుట్టింది కాదు, కానీ మీరు చదివిన అర్థం దానికి లేదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని సుమారు ఐదేళ్లు గమనించి 2003లో ఫలితాలు ప్రచురించారు. చదవడం, బోర్డు మీద ఆడే ఆటలు, సంగీత వాయిద్యం వాయించడం, ఇవి చేసేవాళ్లలో మతిమరుపు జబ్బు తక్కువ కనిపించింది. ఒంటితో చేసే పనుల్లో ఈతా సైక్లింగూ అన్నీ చూస్తే ఒక్క డాన్స్‌కే అలాంటి సంబంధం కనిపించింది. దాంతో అంకె పుట్టుకొచ్చింది. కానీ వాళ్లు కొందరితో డాన్స్ చేయించి, కొందరితో మాన్పించి చూడలేదు, చేస్తున్నవాళ్లని గమనించారంతే. 75 దాటాక కూడా డాన్సుకి వెళ్లగలిగే మనిషి అప్పటికే చురుగ్గా ఉన్న మనిషి కదా, మొదలవుతున్న మతిమరుపు వల్లే కొందరు ముందే ఆటలు మానేసి ఉండొచ్చు కూడా. కాబట్టి డాన్స్ మంచిదే, గ్యారంటీ కార్డు మాత్రం కాదు. ఆ మెసేజ్ ఇంకొకరికి ఫార్వర్డ్ చేయకండి.

పార్కిన్సన్స్ (ఒళ్లు బిగుసుకుని, కదలికలు మందగించే జబ్బు) విషయంలో నాకు ఆశ ఎక్కువే. అడుగు ముందుకు పడక నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు చూడండి, అలాంటివాళ్లలో కొందరు తాళం వినిపిస్తే చక్కగా అడుగేస్తారు. లోపలినుంచి రావాల్సిన సంకేతం రాకపోతే బయటినుంచి పాట ఆ పని చేస్తుంది. న్యూయార్క్‌లోనే బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ వాళ్లు 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి డాన్స్ తరగతులు నడుపుతున్నారు, కుర్చీలో కూర్చుని మొదలుపెట్టి మెల్లగా నిలబడతారు. మీరూ అలాగే మొదలుపెట్టండి. నాన్నగారికి ఇష్టమైన పాత పాట, మరీ వేగంగా లేనిది పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి తాళానికి మడమలు కొట్టమనండి, చేతులు బారజాపమనండి. మాత్ర వేసుకున్నాక ఒళ్లు తేలిగ్గా ఉండే సమయం ఆయనకే తెలుసు, అప్పుడే చేయించండి. నిలబడ్డాక మాత్రం ఎదురుగా మీరుండాలి, వెనక్కి అడుగులు వేయించొద్దు. చుట్టూ టీపాయిలు, కాలికి అడ్డుపడే తివాచీలు తీసేయండి. మీ ఊళ్లో ఫిజియోథెరపిస్టు ఎవరైనా ఒకసారి ఇంటికొచ్చి ఆయన నడక చూస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా అమ్మ ఆరు నెలలకని వచ్చింది. మేమిద్దరం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. రోజంతా సీరియళ్లు చూస్తూ కూర్చుంటుంది, నెలలోనే బరువు పెరిగింది, మాట్లాడటం తగ్గించింది. ఊళ్లో ఉన్నప్పుడు బతుకమ్మ అంటే అందరికన్నా ముందుండేది.

జవాబు: మీ చివరి వాక్యంలోనే జవాబుందమ్మా. అమ్మకి కావాల్సింది ట్రెడ్‌మిల్ కాదు, మనుషులు. అక్కడ చాలా ఊళ్లలో నగరపాలక సంస్థ నడిపే సీనియర్ సెంటర్లు ఉంటాయి, లైన్ డాన్స్ తరగతులు పెడతారు, జోడీ అక్కర్లేదు, వరసల్లో నిలబడి ముందున్నవాళ్లని చూసి వేయడమే. ఇంగ్లిష్ రాకపోయినా ఇబ్బంది లేదు, కాళ్ల భాష అందరికీ ఒకటే. విజిటర్లని చేర్చుకుంటారో లేదో, ఫీజు ఎంతో ఊరిని బట్టి మారుతుంది, ఒక ఫోన్ చేసి కనుక్కోండి. మొదటి రెండుసార్లు మీరు సెలవు పెట్టి వెంట వెళ్లండి. తలుపు దగ్గర దింపేసి వస్తే అమ్మ మళ్లీ వెళ్లదు.

ఇంకా మంచిది, మీ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఇలాగే సీరియళ్లు చూస్తూ కూర్చున్న అమ్మలు ఎందరున్నారో చూడండి. నలుగురు దొరికితే వారానికి రెండు మధ్యాహ్నాలు ఎవరి ఇంట్లోనో బతుకమ్మ పాటలు పెట్టుకుని ఆడుకోమనండి, పండగ దాకా ఆగక్కర్లేదు. వంగి చప్పట్లు కొట్టి, నిటారుగా లేచి, ఒకడుగు పక్కకి వేయడం, మళ్లీ వంగడం. పాడుతూ ఆడతారు కాబట్టి ఊపిరికి కూడా పనే. ఎముకలు గుల్లబారాయని ఎవరికైనా చెప్పి ఉంటే నడుము దగ్గర మరీ ముందుకి వంగకుండా, మోకాళ్లు కాస్త మడిచి చప్పట్లు కొడితే చాలు. పాటలు మీ అమ్మని పాడమనండి, తొందరగా మాట్లాడటం మొదలుపెడుతుంది. అన్నట్టు అమ్మ ట్రావెల్ ఇన్సూరెన్సులో పాత జబ్బులకి ఎంతవరకు వర్తిస్తుందో ఒకసారి చదివిపెట్టుకోండి.

ప్రశ్న: మా కాలనీ పార్కులో పెద్దవాళ్లు పొద్దున్నే అయిదున్నరకి స్పీకర్ పెట్టి డాన్సులు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన నాకు నిద్ర లేదు. ఏమైనా అంటే "ఆరోగ్యం కోసం బాబూ" అంటున్నారు. (విశాఖపట్నం)

జవాబు: నిద్ర కూడా ఆరోగ్యమే బాబూ, న్యాయం మీ వైపే ఉంది. చైనాలో ఇదే గొడవ దేశవ్యాప్తంగా జరిగింది. అక్కడ ఊరూరా కూడళ్లలో పెద్దామెలు గుంపులుగా డాన్స్ చేస్తారు, చుట్టుపక్కల వాళ్లు చప్పుడు భరించలేక తగువులకి దిగారు, 2015లో ప్రభుత్వమే కలగజేసుకుని, ఆట ఒక పద్ధతిలో ఉండాలని 12 రకాల డాన్సులు తయారుచేసి ఇచ్చింది. మీ కాలనీలో అంత దూరం వెళ్లక్కర్లేదు. స్పీకర్‌ని మీ బిల్డింగ్ వైపు కాకుండా లోపలివైపు తిప్పడం, సౌండ్ సగానికి తగ్గించడం, మొదలుపెట్టేది ఆరున్నరకి మార్చడం, ఈ మూడూ అడగండి. పెద్దవాళ్లారా, మీకూ ఓ మాట: సౌండ్ పెంచితే అడుగు తేలిగ్గా పడదు, ఒకరిమాట ఒకరికి వినపడదు అంతే. చెవి సరిగా వినపడనివాళ్లని స్పీకర్ దగ్గర నిలబెడితే సరిపోతుంది.

ప్రశ్న: చీరలోనే ఆడతాం, డ్రెస్సులు మాకు అలవాటు లేదు. ఫర్వాలేదా? కాళ్లకి ఏం వేసుకోవాలి? (నంద్యాల)

జవాబు: చీర ఫర్వాలేదు, నేలని తాకే కుచ్చిళ్లతో మాత్రం వద్దు. చీలమండ కనిపించేంత ఎత్తులో కట్టుకుని, కొంగు నడుముకి దోపండి. కొత్త పట్టుచీర, గంజి పెట్టిన చీర కాలికి అడ్డం పడతాయి, మెత్తటి నూలు చీర మేలు. ప్రదర్శన ఉంటే ఆ రోజు కట్టబోయే చీరతోనే ముందు ఒకసారి ఆడి చూసుకోండి, జట్టంతా ఒకే రంగని చివరి నిమిషంలో కొన్న చీరతో తిరగబోయి పడ్డవాళ్లని చూశాను.

కాళ్లకి హవాయి చెప్పులు అసలు వద్దు. మడమ వెనక పట్టీ ఉన్న శాండిల్ గానీ కాన్వాస్ బూటు గానీ వేసుకోండి. రబ్బరు మరీ మందంగా ఉండి నేలకి పట్టేసే బూట్లతో తిరగడం కష్టం, మోకాలికి మళ్లీ అదే మెలిక. గుడి ఆవరణలో చెప్పులు కుదరవు కాబట్టి సాధన మాత్రం బయట బూట్లతో చేసి, గుడిలో ఆడేరోజు వేగం తగ్గించుకోండి. బండలు తడిగా ఉంటే, కొబ్బరినీళ్లు ఒలికి ఉంటే ముందు తుడిపించాకే కోలలు ఎత్తండి. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు (దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో ఉండేవి) వాడేవాళ్లకి కిందికి చూస్తే నేల మసగ్గా, దగ్గరగా వచ్చినట్టు కనిపిస్తుంది, ఆడేటప్పుడు దూరం చూసే అద్దాలే పెట్టుకోండి. గాజులు ఎన్ని వేసుకోవాలని మీరు అడగలేదు గానీ చెప్తున్నా, మట్టి గాజులు తీసేసి రండి, కోల తగిలి పగిలితే గుచ్చుకునేది మీ చేతికే.